ఆనవాలు వదిలేసిన పందొమ్మిది మంది

మబ్రూక్ పడడం వల్ల తొడ ఎముక విరగలేదు. ఎముక విరగడం వల్ల పడ్డాడు.

ఆ మాట చెప్పిన ఎముకల డాక్టరు తెర మీది ఎక్స్‌రేను పెద్దది చేసి, చెదలు తిన్న దూలంలా గుల్లబారిన చోటును వేలితో చూపించాడు. సువర్చల ఆ వేలివైపే చూస్తూ నిలబడింది. పొద్దున పదకొండింటికి మబ్రూక్ తమ పరిశోధన సంస్థ వర్క్‌షాపులో లేత్ మిషను ముందు ఉన్నాడు. బరువేమీ ఎత్తలేదు, కాలూ జారలేదు. కొలత చూసుకోవడానికి పక్కకు తిరిగాడంతే. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైందనీ, ఆ తర్వాతే మనిషి కూలబడ్డాడనీ పక్క బల్ల దగ్గరి వెల్డరు చెప్పాడు. పన్నెండేళ్ళుగా తనతో కలిసి పనిచేస్తున్న మనిషి గనుక అంబులెన్సులో సువర్చలే వెంట వచ్చింది.

ఇది ఎముక జబ్బు కాదన్నాడు డాక్టరు. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టిన క్యాన్సరు, తుంటికీ వెన్నుకూ పక్కటెముకలకూ పాకింది. నిన్నా మొన్నా పుట్టింది కాదు, ఏళ్ళనాటిది.

"అలా జరిగే వీల్లేదండీ," అంది సువర్చల.

గొంతు పెంచలేదు. రెండు రెళ్ళు నాలుగని చెప్పినట్టు చెప్పింది. తమ సంస్థలోనే ఈయనకు ఏటా ఆనవాలు పరీక్ష చేయిస్తున్నామనీ, మూడేళ్ళూ ఆకుపచ్చ దీపమే వెలిగిందనీ, ఆఖరిది ఏడు నెలల కిందటిదేననీ వివరించింది. ఆ యంత్రాన్ని కనిపెట్టింది తానేనని మాత్రం చెప్పలేదు. డాక్టరు ఈమధ్య ఎవరూ రాయడం మానేసిన పాత రక్తపరీక్ష ఒకటి రాసిచ్చాడు. నాలుగు దాటితే అనుమానించాల్సిన అంకె సాయంత్రానికి పదకొండు వందల నలభైగా వచ్చింది.

సువర్చల ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. మధ్యలో ఎక్కడైనా ఒక చుక్క అచ్చు కాలేదేమోనని వెలుతురుకు ఎత్తి పట్టుకుని మరీ చూసింది.

ఆనవాలు అనేది టిఫిన్ క్యారియరంత ఇత్తడి పెట్టె. పైనున్న గాజు గిన్నెలో కాసిని మూత్రపు చుక్కలు వేస్తే ఆరు నిమిషాల్లో దీపం వెలుగుతుంది. ఎర్రదైతే క్యాన్సరు మొదలైనట్టు, ఆకుపచ్చదైతే లేనట్టు. గ్రంథిలోని కణాలు కంటికి ఆనని బుడగల్ని విదిలిస్తూ ఉంటాయి. జబ్బుచేసిన కణం విదిల్చిన బుడగ మీద చక్కెర గొలుసొకటి ప్రత్యేకమైన వంపు తిరిగి ఉంటుందని సువర్చల పట్టుకుంది. ఆ వంపుకు సరిగ్గా తగులుకునే కొక్కేన్ని తయారుచేసింది. నలభై వేలమంది మగవాళ్ళ నమూనాలతో యంత్రానికి చదవడం నేర్పింది. నూటికి తొంభై ఏడుసార్లు సరిగ్గా చెప్పే ఆ పెట్టె పధ్నాలుగు నెలల కిందట రాష్ట్రంలోని ఆరోగ్య కేంద్రాలన్నిటికీ చేరింది. డాక్టరు వేలుపెట్టి చూస్తాడన్న సిగ్గుతో ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన మగవాళ్ళు వచ్చి వరస కట్టారు. జబ్బు లేనివాళ్ళనీ హడలగొట్టే పాత రక్తపరీక్షను కేంద్రాలు మానేశాయి.

ఆ పెట్టెకు ఒళ్ళు పోసింది మబ్రూక్. వెంట్రుకలో సగం మందం ఉండే కాలువను ఇత్తడిలో తొలవడం మావల్ల కాదని బయటివాళ్ళందరూ చేతులెత్తేస్తే, అతను పదిహేడు రోజులు లేత్ వదలకుండా తొలిచి తెచ్చిచ్చాడు.

మబ్రూక్ సిద్దీల మనిషి, పూర్తి పేరు సాలెం మబ్రూక్. నైజాం అశ్వదళంలో కాపలాకని అతని ముత్తాతను ఆఫ్రికా నుంచి తీసుకొచ్చారు. ఆ ఆఫ్రికా అశ్వదళం ఇంగ్లిషు పేరు పొడి అక్షరాలుగా మిగిలిపోయిన ఏసీ గార్డ్స్ పేటలో వాళ్ళ కుటుంబం నాలుగు తరాలుగా ఉంటోంది. వర్క్‌షాపులో అతన్ని 'ఆఫ్రికా భాయ్' అని పిలిచేవాళ్ళు. అతను నవ్వి ఊరుకునేవాడు. సువర్చల విని ఊరుకునేది.

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి నుంచి మబ్రూక్ మూత్రం నమూనాను ఐసు డబ్బాలో పెట్టుకుని ల్యాబుకు తెచ్చింది. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, గాజు గిన్నెలో ఆరు చుక్కలు వేసింది. ఆరు నిమిషాల తర్వాత ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఇంకో పెట్టె తీసింది. అదీ ఆకుపచ్చే. స్టోరులోంచి సీలు విప్పని కొత్త పెట్టె తెప్పించింది. ఒంట్లో ఎముకలన్నీ గుల్లబారిన మనిషికి అది కూడా నిమ్మళంగా ఏమీ లేదని చెప్పింది.

అప్పుడు దీపాన్ని పక్కనబెట్టి, దీపం వెలగడానికి ముందు యంత్రం లోపల గీసుకునే రేఖను తెరమీదికి తీసింది. మామూలుగా ఆ రేఖ జబ్బు లేనివాళ్ళలో చదునుగా, జబ్బు ఉన్నవాళ్ళలో ఒక నున్నని గుట్టలా ఉంటుంది. మబ్రూక్ రేఖ రెండూ కాదు. రంపపు పళ్ళలా లేచిపడుతూ తెర పైఅంచు దాటిపోయింది. యంత్రానికి ఏదో కనబడింది. చిన్నా చితకా కాదు, పట్టలేనంతగా కనబడింది. అయినా ఆకుపచ్చ దీపమే వెలిగించింది.

ఆ రంపాన్ని తానెక్కడో చూసింది.

యంత్రానికిచ్చిన ఆదేశాలను ఒక్కొక్కటే తిరగేసుకుంటూ వెనక్కి పోయింది. మధ్యాహ్నం రెండింటికి దొరికింది. ఒకే ఒక్క వాక్యం. 'రంపపు ఆకారం వస్తే పరికర దోషంగా లెక్కించి, ఆ సంకేతాన్ని వదిలివేయాలి.' పక్కన ఆరేళ్ళ కిందటి తేదీ, దాని పక్కన తన పొడి అక్షరాలు.

సువర్చల ఆ తేదీని మరోసారి చదివింది. ఆ రోజు మొత్తం గుర్తుకొచ్చింది. ఏసీ గార్డ్స్‌లో పెట్టిన శిబిరం నుంచి నూట నలభై నమూనాలు వచ్చాయి. అందులో పందొమ్మిది ఇలా రంపాలు గీశాయి. ఇంకే పేట నుంచీ అలాంటివి రాలేదు. కాలువలో ఏదో నలక పడి ఉంటుందనుకుంది. వారంలో నివేదిక పంపాల్సి ఉంది. ఆ పందొమ్మిదింటినీ తీసేస్తే కచ్చితత్వం తొంభై ఏడుకు చేరింది. తీసేసింది. మళ్ళీ అడ్డురాకుండా ఆ వాక్యం కూడా రాసిపెట్టింది. ఆ సాయంత్రం ల్యాబులో అందరికీ మిఠాయి పంచారు. మబ్రూక్ కూడా తిన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె తండ్రి వీరభద్రం వర్క్‌షాపు ఆయనకు ఎట్లా ఉందని అడిగాడు. జనగామ బస్ డిపోలో గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. డెబ్బై ఒకటో ఏట ఎర్రదీపం వెలిగి, నెలలోపే ఆపరేషన్ జరిగి, ఇప్పుడు రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తున్నాడు. ఇంటికెవరొచ్చినా తన ప్రాణం నిలబెట్టింది బిడ్డ చేసిన మిషనేనని చెప్పుకుంటాడు.

సువర్చల కంచంలో అన్నం కెలుకుతూ జరిగిందంతా చెప్పింది. ఎదుట కూర్చున్నది తండ్రి కనుక ఏమీ దాచలేదు. వీరభద్రం చారు పోసుకోబోయి గరిటె గిన్నెలోనే వదిలేశాడు.

"ఆయన చేసిన డబ్బతోటేనా బిడ్డా నన్ను బతికిచ్చింది?"

"ఆయన చేసిందే నాన్నా."

ముసలాయన కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక అన్నం వదిలేసి లేచిన తండ్రిని సువర్చల చూడడం అదే మొదలు.

శిబిరంలో ఎవరెవరు నమూనాలిచ్చారో పేర్ల పట్టీ మబ్రూక్ దగ్గరే ఉండేది. ఇల్లిల్లూ తిరిగి మగవాళ్ళను ఒప్పించి తెచ్చింది అతనే. మర్నాడు సువర్చల ఆసుపత్రికి వెళ్ళి ఆ పట్టీ కావాలంది. తొడలో కడ్డీ వేశారు, మనిషి నీరసంగా ఉన్నాడు, అయినా పట్టీ ఇంట్లో ఏ పెట్టెలో ఉందో చెప్పాడు. చెప్పి, పందొమ్మిది సీసాలు కూడా కావాల్నా అని అడిగాడు.

వాటిని ఆనాడే అతనిచేత పారబోయించానని సువర్చల అనుకుంటోంది. ఆ కాగితం మీద సంతకం కూడా పెట్టింది.

"పారబొయ్యబుద్ధి కాలే మేడమ్," అన్నాడు మబ్రూక్. "మావోళ్ళు సిగ్గు చంపుకొని ఇచ్చిండ్రు. వర్క్‌షాప్ ఎనుక పాత ఫ్రీజర్ల పెట్టిన."

ఎందుకని అతను అడిగితే, యంత్రాన్ని మరోసారి సరిచూడాలని అంది. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. అతను తలూపి కళ్ళు మూసుకున్నాడు. ఆమె అతని దుప్పటి సర్ది బయటికొచ్చింది.

తర్వాతి నాలుగు వారాలు ల్యాబులోనే గడిచాయి. ఆపరేషన్‌లో మబ్రూక్ ఎముక నుంచి తీసిన ముక్కలో జబ్బు కణాలు దొరికాయి. వాటి బుడగల్ని వేరుచేసి చూస్తే, చక్కెర గొలుసు ఉంది కానీ వంపు అవతలివైపు తిరిగి ఉంది. కుడిచేతి తొడుగులో ఎడమచెయ్యి దూరనట్టు, తాను చేసిన కొక్కెం దానికి తగలడం లేదు. పట్టు దొరకని బుడగలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దలై ఇత్తడి కాలువలో కొట్టుకుంటున్నాయి. ఆ రంపపు పళ్ళు అవే. కాలువలో నలక ఎన్నడూ లేదు. తాను చదవడం నేర్పించిన నలభై వేలమందిలో ఈ వంపున్నవాళ్ళు దాదాపు లేరు. ఉన్న కొద్దిమందినీ తానే ఏరి పారేసింది.

అవతలి వంపుకు తగిన కొత్త కొక్కెం తయారయ్యాక పాత ఫ్రీజరులోని సీసాలు బయటికి తీసింది. ఆరేళ్ళు గడ్డకట్టి ఉన్న నమూనాలు. మొదటిదానికి ఎర్రదీపం వెలిగింది. రెండోదానికీ, మూడోదానికీ అంతే. అయిదోదానికి వచ్చేసరికి సహాయకురాలు ఏడుస్తూ బయటికి వెళ్ళిపోయింది. మిగిలినవి సువర్చల ఒక్కతే చేసింది. మధ్యలో ఎక్కడైనా ఒక్క ఆకుపచ్చ దీపం వెలిగితే చాలనుకుంది.

పందొమ్మిదికి పందొమ్మిదీ ఎర్రదీపాలే. రేఖల ఎత్తును బట్టి చూస్తే, అన్నీ జబ్బు గ్రంథి దాటని దశలోవే.

చివర్న సీసాల నంబర్లను పట్టీలోని పేర్లతో సరిచూసింది. పదకొండో నంబరు దగ్గర 'సాలెం మబ్రూక్, వయసు 52' అని ఉంది. అతను తన నమూనా కూడా ఇచ్చిన సంగతి ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. వేలు ఆ గడిమీదే ఆగిపోయింది. కిటికీ బయట ఎవరో తోటకు నీళ్ళు పెడుతున్నారు. పైపు చప్పుడు వినబడుతోంది.

మబ్రూక్ కూతురు సఫియా మాసబ్‌ట్యాంక్ దగ్గర సర్కారు బడిలో తెలుగు పంతులమ్మ. మధ్యాహ్నం భోజన విరామంలో సువర్చల అక్కడికి వెళ్ళి, ఖాళీ తరగతి గదిలో చిన్నపిల్లల బెంచీమీద కూర్చుని అంతా చెప్పింది. రంపం, ఆ వాక్యం, పారేయమన్న సీసాలు, పదకొండో నంబరు. వింటూండగానే సఫియా చేతిలో సుద్దముక్క పొడిపొడి అయిపోయింది.

అంతా విన్నాక ఆమె తన తండ్రి గురించి అడగలేదు. ఆ పట్టీ ఇమ్మంది. నంబర్లతో ఉన్న కాగితం సువర్చల తీయబోతే, నంబర్లు వద్దు, పేర్లున్నది కావాలంది. ఒక్కొక్క పేరూ పైకి చదువుకుంది. వాళ్ళలో ముగ్గురు ఆమె పెళ్ళికి వడ్డన చేసినవాళ్ళు.

వెళ్ళేముందు సువర్చల, ఇదంతా భాయ్‌కి ఎట్లా చెప్పాలో తెలియడం లేదంది.

"అబ్బాకు నేను చెప్పను మేడమ్. మీరే చెప్పాలె," అంది సఫియా. ఆగి, మీ ఇల్లెక్కడని అడిగింది. హబ్సిగూడ అని సువర్చల చెబితే ఆమె చిన్నగా తలూపింది. "మా సిద్దీలనే హబ్సీలని గూడ అంటరు. హబ్సీలున్న గూడెమని మా పేరు మీదనే వచ్చిందంటరు. మీరెన్నడన్న అనుకున్నరా?"

ఇరవై ఏళ్ళుగా ఆ పేరున్న బోర్డు కిందినుంచి రోజూ పోతున్న సువర్చల ఎన్నడూ అనుకోలేదు.

మూడు రోజులకు సఫియా ఆ పట్టీ తిరిగి తెచ్చింది. ప్రతి పేరు పక్కనా ఎర్ర సిరాతో రాసింది. ఎనిమిది మంది చనిపోయారు. నడుం నొప్పి అన్నారు, కాళ్ళు పడిపోయాయన్నారు, ఇద్దరికి మూత్రం ఆగిపోయిందన్నారు. క్యాన్సరని రాసి ఉన్న చావు కాగితం వాటిలో ఒక్కటే ఉంది. ఆ ఎనిమిది మందిలో, కేంద్రాలకు ఆనవాలు వచ్చాక పోయిన అయిదుగురూ ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ఆకుపచ్చ దీపం చూసి తిరిగొచ్చినవాళ్ళే. మబ్రూక్‌తో కలిపి ఆరుగురు మంచాన ఉన్నారు. మిగిలిన అయిదుగురూ ఏ బాధా తెలియకుండా తిరుగుతున్నారు. ఆ అయిదుగురినీ సఫియా అప్పటికే పెద్దాసుపత్రికి పంపేసింది. మిషన్ తప్పు చెప్పిందని, మిగతా సంగతులు తర్వాతని వాళ్ళకు చెప్పిందట.

సువర్చల పట్టీ పట్టుకుని డైరెక్టరు పరాంకుశం దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. కానీ యంత్రాన్ని ఆపుతానంటే ఒప్పుకోలేదు. కొత్త కొక్కెం చేర్చిన పెట్టెలు ఆరు నెలల్లో తయారవుతాయి, అప్పటిదాకా గుట్టుగా ఉందామన్నాడు. పందొమ్మిది మంది సంగతి బయటపెడితే లక్షలమంది పరీక్ష మానేస్తారని, ఎర్రదీపం చూసి బతికిన ఆరువేలమందిలో మీ నాన్న కూడా ఉన్నాడని గుర్తుచేశాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

"దానికి తెలియదని చెప్పడం మనం నేర్పలేదు సార్," అంది సువర్చల. "ఉంది, లేదు. ఈ రెండే నేర్పాం. తెలియని చోట కూడా లేదనే చెబుతోంది. ఇంకా ఆరు నెలలు చెబుతుంది."

ఆ సాయంత్రమే ఆమె ఆరోగ్య శాఖకు ఉత్తరం రాసింది. తన పొడి అక్షరాలున్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు జతచేసింది. మూడు వారాలపాటు అన్ని కేంద్రాల్లోనూ ఆనవాలును ఆపేశారు. మళ్ళీ పెట్టినప్పుడు దానికి మూడో దీపం వచ్చింది. అర్థంకాని ఆకారం కనబడితే పసుపు దీపం వెలిగి, మనిషిని రక్తపరీక్షకు పంపుతుంది. కేంద్రాల్లో దాచి ఉన్న పాత రేఖలన్నీ వెతికితే మరో ఇరవై ఆరుగురిలో ఆ రంపం దొరికింది. వాళ్ళందరికీ కబురు వెళ్ళింది. సువర్చలను బాధ్యతల నుంచి తప్పించి విచారణ వేశారు. తన గది తాళం ఇచ్చేసిన రోజే ఆమె ఏసీ గార్డ్స్‌కు వెళ్ళింది.

మబ్రూక్ ముందుగదిలో మంచం మీద ఉన్నాడు. ఇంజక్షన్లు మొదలయ్యాక నొప్పులు తగ్గాయి, ముఖం కొంచెం ఉబ్బింది. సఫియా గుమ్మం దగ్గర నిలబడింది. సువర్చల కుర్చీ ఉన్నా కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు, ఏ క్రమంలో జరిగిందో ఆ క్రమంలోనే చెప్పింది.

అతను కప్పు వైపు చూస్తూ విన్నాడు.

"ఆ పందొమ్మిదిల నేనున్ననా?"

"ఉన్నారు భాయ్. పదకొండోది."

"అప్పుడే తెలుస్తే?"

తెలియదనవచ్చు. డాక్టర్లను అడగాలనవచ్చు. "ఆపరేషన్‌తో పోయేది," అంది.

అతను తల తిప్పి ఆమెను చూశాడు. పెట్టెను తన చేత్తో చేసినవాడు, దాని కాలువ ప్రతి వంపూ తెలిసినవాడు.

"మిషన్‌కు కనబడ్డదా మేడమ్?"

"కనబడింది."

"మరెందుకు చెప్పలే?"

"నేనే చెప్పొద్దన్నాను భాయ్."

మబ్రూక్ గోడవైపు తిరిగాడు. అట్లా తిరగడానికి కడ్డీ వేసిన కాలు సహకరించక, రెండు చేతుల్తో దాన్ని ఎత్తి పక్కకు పెట్టుకోవాల్సివచ్చింది. సాయం చేద్దామని సఫియా రాబోతే వద్దన్నాడు. సువర్చల ఇంకా నిలబడే ఉంది. తిడతాడనుకుంది, ఏడుస్తాడనుకుంది, పోనీలే అంటాడేమోనని మనసులో ఏ మూలో ఆశపడింది కూడా. ఏదీ జరగలేదు. కాసేపటికి సఫియా ఆమె మోచేయి పట్టుకుని వాకిట్లోకి తీసుకొచ్చి, ఇక వెళ్ళమంది.

ఎనిమిది రోజులు ఏ కబురూ లేదు. తొమ్మిదోనాడు సఫియా ఫోను చేసి అబ్బా రమ్మంటున్నాడని చెప్పింది.

ఈసారి అతను దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఎర్ర సిరా రాతలున్న ఆ పట్టీ ఉంది. ఆమెను కూర్చోమన్నాడు. పన్నెండేళ్ళలో ఎన్నడూ మీరు అని తప్ప పిలవని మనిషి నువ్వు అన్నాడు.

"ఆ రోజు ఇంటింటికి పోయి పిలిచింది నేను. ఏం కాదు, మా మేడమ్ మిషన్, మన మంచికే అని చెప్పిన. ఎనిమిది మంది పోయిండ్రు. వాళ్ళిండ్లళ్ళ ఎందుకు పోయిండ్రో ఎరుక లేదు. నువ్వు పో. పోయి చెప్పు. నాకైతే నడవొస్తలేదు."

సువర్చల వెళతానంది. తర్వాత, అడగకూడదనుకుంటూనే, క్షమించమని అడిగింది.

"మాఫీ సంగతి నన్నడగకు," అన్నాడు మబ్రూక్. "అది నా ఒక్కనిది కాదు." పట్టీ ఆమె చేతికిచ్చి, మళ్ళీ గోడవైపు తిరిగాడు.

మొదటి ఇల్లు హలీమా బీది. భర్త ఫరాజ్ రెండేళ్ళ కిందట పోయాడు. సందు చివర రేకుల ఇల్లు, బయట ఎండలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. అరవై దాటిన మనిషి. పీట మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. తానెవరో చెప్పుకుని సువర్చల ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. హలీమా బీ సగం ఉర్దూ సగం తెలుగులో, డాక్టరమ్మ కింద కూర్చోవడమేమిటని ఆమెకు పీట వెయ్యబోయింది. సువర్చల వద్దని, మొదలుపెట్టింది. ఆరేళ్ళ కిందటి శిబిరం దగ్గర్నుంచి చెప్పింది. మీ ఆయనకు జబ్బున్నట్టు ఆనాడే యంత్రానికి కనబడిందని, దాన్ని లెక్కచెయ్యకుండా తీసేసింది తానేనని చెప్పింది.

హలీమా బీ చేతిలో మిరపకాయ అట్లాగే ఉండిపోయింది. అర్థం కాలేదేమోనని సువర్చల మళ్ళీ చెప్పబోతుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నడుం నొప్పన్నడు," అంది. "ఆర్నెల్లు దినాం నూనె రుద్దిన. పరుపు బాగలేదని రెండుసార్లు మార్చిన. ఇంకా గట్టిగ రుద్దు, ఇంకా గట్టిగ అంటుండె. నేను గట్టిగ రుద్దలేకనే తగ్గుతలేదనుకున్న. ఇప్పటిదాంక గదే అనుకుంటున్న బిడ్డా."

సువర్చల ఎదురుగా ఉన్న ముసలి చేతుల్ని చూసింది. తాను ఆ ఒక్క వాక్యం రాయడానికి అర నిమిషం పట్టలేదు. ఈ మనిషి రెండేళ్ళుగా తన చేతుల్నే తప్పుపట్టుకుంటూ బతికింది.

హలీమా బీ ఏడవలేదు. మిరపకాయ చాటలో పడేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, గోడకు ఆనుకుని లేచింది. చెప్పుల కోసం చూసుకుంది.

"ఇంకెవలింటికి పోవాలె?"

సువర్చల పట్టీ చూసి రెండో పేరు చదివింది.

"ఆ ఇల్లు నీకు దొరకది. మసీదు ఎనుక సందులుంటది," అంది హలీమా బీ. "ఆమె గుండె కొంచెం కమ్‌జోర్. ఒక్కదానివి పోయి చెప్పకు. పద, నేనొస్త."

ఆమె ముందు నడిచింది. పేర్ల పట్టీ పట్టుకుని సువర్చల వెనకాలే వెళ్ళింది.